చంపావతి ఒడ్డున తాటివాసాల ఇళ్ళు

విజయనగరం నుంచి నెల్లిమర్ల అరగంట ప్రయాణం. రైల్వే స్టేషను, జూట్ మిల్లు, దాని చుట్టూ పెరిగిన కార్మికుల వీధులు, ఊరి పక్కనే చంపావతి. ఎండాకాలంలో నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ కనిపించే ఏరు. సాలూరు వైపు కొండల్లో పుట్టి, గజపతినగరం మీదుగా వచ్చి, నెల్లిమర్ల పక్కగా సాగి, పూసపాటిరేగ మండలంలో కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తుంది. చైత్రం వెళ్ళిపోతున్న రోజుల్లో ఆ ఏటి వెంట కోనాడ దాకా ప్రయాణం పెట్టుకున్నాను. కోటలూ గుళ్ళూ చూడడానికి కాదు. కర్ర బరువు మోస్తుంటే మట్టి గోడై నిలిచిన పాత ఇళ్ళు ఈ పక్క ఇంకా ఎన్ని మిగిలాయో, ఎలా ఉన్నాయో కళ్ళారా చూడాలని.

అలాంటి ఇంటిని ఒక దేశం ఎంత శ్రద్ధగా కాపాడుకోగలదో తెలియాలంటే ఇంగ్లండులో స్ట్రాట్‌ఫర్డ్‌లోని హెన్లీ వీధి ఇంటిని తలుచుకోవాలి. షేక్స్‌పియర్ పుట్టిన ఇల్లని చెప్పే ఇల్లది. కింద వరుస రాయి, దాని మీద ఓక్ దుంగల చట్రం. నిలువు దుంగలు, అడ్డ దుంగలు, మూలల్లో ఏటవాలు బద్దలు. దుంగకూ దుంగకూ మధ్య ఖాళీలో తడిక అల్లి, గడ్డి కలిపిన మట్టి మెత్తి, పైన సున్నం పూశారు. గోడలో ఏ కర్ర ఏ పని చేస్తోందో వీధిలోంచే తెలిసిపోతుంది. తండ్రి జాన్ షేక్స్‌పియర్ చేతితొడుగులు కుట్టే పనివాడు. ఆయన పని చేసుకున్నదీ ఆ ఇంట్లోనే. అంటే అది రాజుగారి మేడ కాదు, ఊళ్ళో నాలుగు రాళ్ళు సంపాదించుకున్న పనివాడి ఇల్లు. 1847లో వేలానికి వస్తే చందాలు పోగుచేసి 3,000 పౌన్లకు కొని జాతి ఆస్తిగా నిలుపుకున్నారు.

ఓక్ పనిలో ఒక నేర్పు ఉంది. ఆ కర్రను ఎండబెట్టకుండా పచ్చిగా ఉన్నప్పుడే కోస్తారు. ఒక దుంగ కొసను సన్నగా చెక్కి, ఇంకో దుంగకు తొలిచిన గూట్లో దూర్చి, అడ్డంగా చెక్క చీల దిగగొడతారు. గూటికి పెట్టిన కన్నాన్నీ దూరే కొసకు పెట్టిన కన్నాన్నీ కావాలనే వెంట్రుకవాసి ఎడంగా తొలుస్తారు. చీల దిగేకొద్దీ రెండు దుంగలూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. కర్ర ఎండేకొద్దీ ఆ పట్టు బిగుస్తుంది. ఇనుప మేకు అక్కర్లేదు. ముందు వడ్రంగి తన దొడ్లోనే చట్రమంతా పరిచి అమర్చి, ఏ కొస ఏ గూటికో ఉలితో గీతలు గీసి, విప్పి బండికెత్తి, కట్టే చోటికి తెచ్చి మళ్ళీ నిలబెట్టేవాడు. ఆ గీతలు ఇప్పటికీ ఎన్నో పాత ఇళ్ళ దుంగల మీద కనిపిస్తాయి. చెషైర్‌లో లిటిల్ మోర్టన్ హాల్ అనే ఇంటి కిటికీ మీదనైతే రిచర్డ్ డేల్ అనే వడ్రంగి 1559లో తన పేరే చెక్కుకున్నాడు. యజమాని పేరు పక్కనే వడ్రంగి పేరు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచీ ఆ ఇల్లంటే నాకు గౌరవం పెరిగింది.

నెల్లిమర్ల నుంచి మొదట వెళ్ళింది రామతీర్థం. సీతారాముల గుడికి జనం వస్తూ పోతూ ఉంటారు. దానికి ఎదురుగా, చుట్టూ పరుచుకున్న కొండల మీద జనం అంతగా ఎక్కని పాత నిర్మాణాలున్నాయి. గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారం శిథిలాలు. 20వ శతాబ్దం మొదట్లో పురావస్తు శాఖ తరఫున అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వించాడు. నిలువెత్తు రాతి గోడలాంటి కొండ అంచున, సన్నటి చదును నేల మీద, ఇటుక చైత్యాలు వరుసగా కనిపిస్తాయి. ఒక కొస గుండ్రంగా తిరిగిన పొడుగాటి గదుల పునాదులు, స్తూపం, భిక్షువుల గదులు. పక్క కొండ మీద జైనుల ఆనవాళ్ళున్నాయి. తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలంలో త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైన గురువు ఈ కొండను దర్శించుకున్నాడని అక్కడి శాసనం చెబుతుంది. అంటే వెయ్యేళ్ళ కిందటి మాట. బౌద్ధుల ఇటుకలు అంతకంటే చాలా పాతవి.

ఆ ఇటుక గదుల మధ్య నిలబడితే నా ధ్యాసంతా అక్కడ లేని పైకప్పుల మీదకే పోయింది. గుండ్రంగా తిరిగిన గోడల మీద ఏ కప్పు నిలబడింది? ఆ జవాబు ఈ కొండ మీద దొరకదు. కర్రా ఆకూ మట్టిలో కలిసిపోయాయి. జవాబు చూడాలంటే ఏలూరు జిల్లా గుంటుపల్లికి వెళ్ళాలి.

కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండలో తొలిచిన గుండ్రటి చైత్యగృహం ఉంది. క్రీస్తుకు పూర్వపు పని. లోపల నడిమధ్య స్తూపం, చుట్టూ తిరగడానికి దారి. తల పైకెత్తితే రాతి గోపురం లోపలి వైపు కర్ర వాసాలు చెక్కి ఉంటాయి. కొప్పు నుంచి చుట్టూ దిగివచ్చే వంపు వాసాలు, వాటిని కలుపుతూ అడ్డంగా పోయే బద్దలు. ఏకశిలలో తొలిచిన గుహకు వాసాలతో పనేముంది? బరువేమీ లేదు, మోసేదీ లేదు. అయినా ఆ శిల్పికి ఇల్లంటే అదే. తాను పుట్టి పెరిగిన గుండ్రటి ఆకుల ఇంటిని, దాని పైకప్పును లోపలి నుంచి పడుకుని చూసినట్టుగా, ఉన్నదున్నట్టు రాతిలో దించాడు. ఆంధ్ర దేశంలో కర్ర చట్రం ఇంటికి రక్షిత కట్టడంగా గుర్తింపు దక్కిందంటే అది ఈ గుహలోనే. కేంద్ర పురావస్తు శాఖ దాన్ని కాపాడుతోంది. అక్కడున్నది రాతి నకలు. దాని అసలు రూపం ఇంకా బతికున్నది చంపావతి సముద్రంలో కలిసే పక్కన. నా ప్రయాణానికి అసలు కారణం ఇదే.

దారిలో ఊళ్ళు చాలా తగిలాయి. నెల్లిమర్ల నుంచి తూర్పుకు వెళ్ళేకొద్దీ పెంకుటిళ్ళు, మండువా లోగిళ్ళు అక్కడక్కడా కనిపిస్తాయి. టేకు స్తంభాలు, ఏజెన్సీ కొండల నుంచి దిగిన గుగ్గిలం దూలాలు, నడిమధ్య వాన పడే తొట్టి. చాలా వాటికి తాళాలు. అన్నదమ్ములు పంచుకోలేక వదిలేసినవి కొన్ని, దూలాల్ని విడిగా అమ్ముకోవడానికి కప్పు విప్పుతున్నవి కొన్ని. పాత టేకుకు మంచి ధర పలుకుతుంది కాబట్టి ఈ ఇళ్ళు కూలిపోవు, విడిపోతాయి. తలుపులు ఒక ఊరికి, స్తంభాలు నగరంలోని ఏ హోటలుకో వెళ్తాయి. విజయనగరంలో గురజాడ ఇల్లు స్మారకంగా నిలిచిందంటే అది అప్పారావుగారి చలవ. కవి లేని ఇంటికి ఆ అదృష్టం పట్టదు.

జాతీయ రహదారి దాటి పూసపాటిరేగ వెనక్కి పోయాక గాలి మారింది. తాటి వనాలు చిక్కబడ్డాయి. ఇసుక నేల, జీడి తోటలు, సరుగుడు, తాడిచెట్లు. మత్స్యకారుల పల్లెల్లో సిమెంటు ఇళ్ళ వరుసల వెనక చుట్టిళ్ళు ఒక్కొక్కటిగా కనిపించడం మొదలైంది. గుండ్రటి మట్టిగోడ, మీద కోసుగా లేచిన తాటాకు కప్పు. చూరు ఎంత కిందికి దిగి ఉంటుందంటే పిల్లలు తప్ప అందరూ వంగే లోపలికి వెళ్ళాలి. కొన్ని ఇళ్ళు ఇప్పుడు వంటకు, కొన్ని వలలు దాచడానికి. కొన్నింట్లో మాత్రం మనుషులున్నారు.

అలా ఒక ఇంటి ముందు అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్న ముసలాయన లోపలికి రమ్మన్నాడు. "సూడ్డానికేటుందండి బాబూ, మా తాత కట్టిన గోడ. కప్పు మాత్రం నాను మార్చిందే" అన్నాడు.

చీకటికి కళ్ళు అలవాటు పడ్డాక ఆ ఇల్లు అర్థమైంది. గోడ జానెడున్నరకు పైనే మందం. గడ్డి కలిపి తొక్కిన మట్టిని వరసలు వరసలుగా వేసి, ఒక వరస ఆరాకే దాని మీద ఇంకోటి పెట్టిన గోడ. పేడతో అలికీ అలికీ నున్నబడింది. నెత్తి మీద సగం దాకా అటక. తాటి బద్దలు దగ్గరదగ్గరగా పరిచి, పైన మందంగా మట్టి మెత్తారు. ధాన్యం, వలలు, పెట్టెలు దాని మీదే. అటకకు మట్టి ఎందుకు మెత్తారో ఆయనే చెప్పాడు. కప్పు అంటుకున్నా కింద ఉన్న మనుషులకూ సామానుకూ నిప్పు దిగకుండా ఆ మట్టి అడ్డుకుంటుంది.

అటక అంచున నిలబడి కప్పు లోపలి వైపు చూశాను. గుంటుపల్లిలో రాతిలో చూసిందే ఇక్కడ తాటి కర్రలో ఉంది. కొప్పు దగ్గర ఒకచోట చేరిన వాసాలు చుట్టూ దిగివచ్చి గోడ మీద ఆనుతున్నాయి. అక్కడితో ఆగకుండా ఇంకా కిందికి పోయి చూరును మోస్తున్నాయి. వాసాల మీద వలయాలు వలయాలుగా బద్దలు. ఆ బద్దల మీద తాటాకు. అదే అమరిక, అవే వంపులు. ఇరవై శతాబ్దాల పైబడిన దూరంలో ఉన్న ఇద్దరు పనివాళ్ళు ఒకే కప్పు కట్టారు.

వాసాలు ఎప్పుడూ కింది కొసల దగ్గర బయటికి తన్నుకుపోవాలని చూస్తాయి. ఇంగ్లండు వడ్రంగి ఆ తోపుడును ఆపడానికి గోడ నుంచి గోడకు బరువైన అడ్డదూలం వేస్తాడు. చుట్టింట్లో ఆ దూలం లేదు. గుండ్రటి బద్దల వలయాలే నడుముకు మొలతాడులా వాసాల్ని పట్టి ఉంచుతాయి. తోపుడు ఒక్కచోట పడకుండా చుట్టూ పంచుకుపోతుంది.

ఇక అతుకుల సంగతి. ఇక్కడ చీల లేదు, గూడు లేదు, మేకు లేదు. ప్రతి అతుకూ తాడు కట్టే. గోగునార, తాటినార పేని, తడిపి బిగించి కడతారు. ఆరితే బిగుస్తుంది. ఓక్ ఎండి బిగిసినట్టే నార ఆరి బిగుస్తుందన్నమాట. ఉత్తరాంధ్ర మెట్ట పొలాల్లో పండే గోగు నెల్లిమర్ల మిల్లు దాకా ఎందుకు వెళ్తుందో అందరికీ తెలుసు. అదే నార ఈ పల్లెల్లో ఇళ్ళను నిలబెడుతుందని నెల్లిమర్లలో నాకెవరూ చెప్పలేదు.

కర్రలో కూడా రెండు దేశాల పని ఎదురెదురు. ఓక్‌లో చేవంతా లోపల, పై పొర మెత్తన. అందుకే వాళ్ళు చెట్టు గుండెను దుంగగా వాడుకుంటారు. తాడిచెట్టుకు చేవ బయటి వైపు. నల్లటి నారల గట్టిదనమంతా అంచునే, నడుమ బెండు. అందుకే మానును నిలువునా చీల్చి, బెండు తోడేసి, అంచు ముక్కల్ని వాసాలుగా వాడతారు. ముదురు చెట్టయితేనే పనికొస్తుంది. ఈ ముసలాయన వాసాలు ఏళ్ళ తరబడి పొగ పట్టి నల్లగా నిగనిగలాడుతున్నాయి. పొయ్యి పొగ చెదను రానివ్వదని, గ్యాసు పొయ్యి వచ్చాక చుట్టిళ్ళకు చెద పట్టడం ఎక్కువైందని చెప్పాడు.

గాలివాన సంగతి అడిగాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. "ఆకు ఎగిరిపోనాది బాబూ. వాసాలు, గోడ ఇలాగే ఉన్నాయి. మా తమ్ముడి రేకులింటి రేకులు మాత్రం తోటలో దొరికినాయి" అన్నాడు. గుండ్రటి గోడకు గాలి ఢీకొట్టే మొహం లేదు, పక్కలకు జారిపోతుంది. చూరు నేలకు దగ్గరగా ఉంది కాబట్టి కప్పు కిందికి గాలి దూరి ఎత్తేయడానికి సందు లేదు. తాడు అతుకు ఊగుతుంది, విరగదు. బంగాళాఖాతం అంచున తరతరాలుగా తుఫానులు తిన్నవాళ్ళ లెక్క ఇది. దాన్ని కాగితం మీద ఎవరూ గీయలేదు, కట్టుకుంటూ వచ్చారు.

చుట్టిళ్ళను ఓడించింది గాలి కాదు, నిప్పు. ఎండాకాలం ఒక పొయ్యి నుంచి రవ్వ లేస్తే ఇంటి మీంచి ఇంటికి పాకి ఊరు ఊరంతా బుగ్గవుతుంది. ఈ తీరంలో ఆ సంగతి తెలియని పల్లె ఉండదు. అందుకే ప్రభుత్వం పక్కా ఇల్లు ఇస్తానంటే జనం కాదనలేదు. ఇందిరమ్మ ఇళ్ళ కాలం నుంచీ సిమెంటు కప్పు ఈ పల్లెలకు నిద్ర ఇచ్చింది. ఆ నిద్ర విలువ నాకు తెలుసు. ఎవరినీ తాటాకు కిందికి తిరిగి వెళ్ళమని అడిగే హక్కు ఏ యాత్రికుడికీ లేదు.

లండన్ కథ కూడా ఇంతే. 1212లో పెద్ద అగ్నిప్రమాదం జరిగాక అక్కడ గడ్డి కప్పులు వద్దన్నారు. 1666 దహనం తర్వాత వచ్చిన చట్టం ఇళ్ళను ఇటుకతో, రాయితో కట్టాలని పట్టుబట్టింది. కర్ర ఇళ్ళ నగరం అలా పోయింది. మిగిలినవాటిని కాపాడుకునేటప్పుడు నిప్పు భయాన్ని మరిచిపోలేదు. హెన్లీ వీధిలో షేక్స్‌పియర్ ఇంటికి ఆనుకుని ఉన్న ఇళ్ళను 19వ శతాబ్దంలో కొట్టించేశారు. మంటలు అంటుకోకుండా చుట్టూ ఖాళీ స్థలం వదిలారు. పాత ఇల్లు నిలవాలంటే దాని చుట్టూ ఏం చేయాలో ఆలోచించి చేసిన పని అది. కోనాడ పక్కన అలా ఆలోచించి చేసిన పని ఒక్కటీ లేదు.

చట్టం దగ్గరికి వస్తే చిక్కు ఇంకోటి. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం రక్షిత కట్టడం కావాలంటే దానికి కనీసం నూరేళ్ళుండాలి. 2010 సవరణతో అలాంటి కట్టడానికి చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణాలు నిషేధం, ఆపైన మరో 200 మీటర్లు అనుమతులు కావాలి. రామతీర్థం కొండకూ గుంటుపల్లికీ ఇది సరిపోతుంది. చుట్టింటికి వయసు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి? గోడ తాతది, వాసాలు తండ్రివి, ఆకు రెండు మూడేళ్ళకొకసారి మారేది. ఊరి మధ్య ఒక చుట్టింటి చుట్టూ 100 మీటర్లు గీస్తే ఊళ్ళో సగం మంది ఇల్లు కట్టుకోలేరు. రాతి కోసం రాసిన చట్టం ఇది. తాటాకు దాని చేతికి అందదు.

ఇంగ్లండు దారి వేరు. హెన్లీ వీధి ఇల్లు అక్కడి చట్టం కింద గ్రేడ్ 1 జాబితాలో ఉంది. అయినా దాని దుంగలన్నీ పదహారో శతాబ్దంవి కావు, ఎన్నో మారాయి. మంచి పనివాళ్ళు కుళ్ళిన మేరకే కోసి, కొత్త ఓక్ ముక్కను ఏటవాలుగా అతికి, పాత దుంగను వీలైనంత నిలబెడతారు. జాబితాలో చేరిన ఇంట్లో మనుషులు కాపురం ఉండొచ్చు, మార్పు చేయాలంటే అనుమతి తీసుకోవాలి. 1877లో విలియం మోరిస్ పాత కట్టడాల రక్షణకు ఒక సంఘం పెట్టినప్పటి నుంచీ అక్కడ నడుస్తున్న వాదన ఇదే. పాత ఇంటిని కొత్తగా తళతళలాడించకండి, రోజూ కనిపెట్టుకుని ఉండండి, చిన్నగా ఉన్నప్పుడే బాగుచేయండి.

మా తీరానికి కావలసింది ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. ప్రతి మండలంలో రెండు మూడు చుట్టిళ్ళను, మనుషులున్నవాటినే ఎంచి, ఆకు మార్చడానికి ఏటా కొంత సొమ్ము ఇవ్వాలి. కొప్పు కట్టడం తెలిసినవాళ్ళ దగ్గర పదిమంది కుర్రాళ్ళు జీతం మీద పని నేర్చుకోవాలి. ప్రతి ఇంటినీ కొలిచి, వాసం వాసం గీసి, జిల్లా గ్రంథాలయంలో పెట్టాలి. గోగునార ఈ జిల్లాలోనే ఉంది, తాడిచెట్టు ఊరి గట్టు మీదే ఉంది. ఓక్ కోసం అడవులు పెంచుకునే వాళ్ళతో పోలిస్తే మన ఖర్చు ఎంత?

ముసలాయనకు హెన్లీ వీధి ఇంటి గురించి చెప్పాను. రాసినాయన పేరు ఆయన పెద్దగా పట్టించుకోలేదు. "కర్ర పుచ్చిపోతే ఎవులు మారుస్తారు?" అని అడిగాడు. అక్కడ దానికోసమే పని నేర్చిన వడ్రంగులుంటారని, వాళ్ళకు కూలి ఇచ్చి చేయిస్తారని చెప్పాను. వల పక్కన పెట్టాడు.

"మాకూ అదే కావాల. ఆకు ఉన్నాది, నార ఉన్నాది. కప్పీవోళ్ళకి కూలి గిట్టక సరుగుడు నరకడానికి ఎల్లిపోతన్నారు."

కొప్పు కట్టడం తెలిసినవాళ్ళు ఈ చుట్టుపక్కల నలుగురో అయిదుగురో మిగిలారట. ఎవరే ఊళ్ళో ఉన్నారో ఒక్కొక్కరినీ గుర్తు చేసుకుని చెప్పాడు, రాసుకున్నాను. జ్యేష్ఠంలో వానలు మొదలవకముందే ఆయన ఇంటికి ఆకు మార్చాలి. పాత ఆకు దించాక వాసాలు బయటపడతాయి కాబట్టి కొలతలు తీసుకోవాలంటే అప్పుడే రావాలని, వస్తే టేపూ పెన్సిలూ పట్టుకుని కప్పు మీదికి ఎక్కాలని చెప్పాడు. వస్తానన్నాను.